బస్సు దిగని వాళ్లు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. “సార్, మన దేశంలో తప్పకుండా చూపించాల్సిన ప్రకృతి వింతలు ఏవి? ఏ కాలంలో ఏది?” అడిగినందుకు చెబుతాను. నిజానికి అవన్నీ వాళ్ల చేతిలోని ఫోన్‌లోనే ఉన్నాయి, నా దగ్గర ఉన్నవాటికంటే మంచి ఫోటోలతో సహా. జలపాతం ఎంత ఎత్తు, గుహ ఎంత పొడవు, సరస్సు ఎలా పుట్టింది, అన్నీ దొరుకుతాయి. నేను చెప్పాలనుకునేది, వాళ్లు అడగనిది ఇంకొకటి ఉంది. మనిషిని వింత దగ్గరికి తీసుకుపోవడానికి డ్రైవరు చాలు. ఆ మనిషి దిగి చూసేట్టు చేయడమే మన ఉద్యోగం. ఆ సంగతే రాస్తున్నాను.

టికెట్టు దేవుడిది, కొసరు ప్రకృతిది

నేను కడపవాణ్ణి. కడప, కర్నూలు నుంచి బయలుదేరే ఒక యాత్రల బస్సుకు మేనేజరుగా పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున కూర్చున్నాను. మేనేజరంటే పెద్ద హోదా అనుకోకండి. వాంతులయ్యేవాళ్లకు నిమ్మకాయ అందించడం, కిటికీ సీటు కోసం పోట్లాడుకునే వియ్యపురాళ్లను విడదీయడం, హిందీ రానివాళ్లకు నోరు కావడం, గుడి దగ్గర సంచులకు కాపలా ఉండటం, ఇవన్నీ మేనేజరు పనులే. బస్సు పైన టార్పాలిన్ కింద బియ్యం మూటలు, వెనక డిక్కీలో గ్యాస్ పొయ్యి, ఆ పొయ్యికి యజమాని వంట మస్తాన్. మావాళ్లకు ఎంత గొప్ప ప్రదేశం చూపించినా మధ్యాహ్నానికి వేడి అన్నం, పప్పు, ఊరగాయ పడకపోతే అది పనికిమాలిన ఊరే. “కడుపు సల్లగుంటేనే సార్ కండ్లు తెరుసుకునేది” అనేవాడు మస్తాన్. నా ఉద్యోగంలో విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చింది లేదు.

మా ఓనరు సుబ్బరాయుడు గట్టి వ్యాపారి. “దేవుని పేరు చెప్తేనే సీట్లు నిండేది సామీ. కొండలు సూపిస్తామంటే, మా ఊర్లో లేవా కొండలు అంటారు” అనేవాడు. అందుకని టికెట్టు దేవుడి పేరు మీద అమ్మేవాళ్లం. ప్రకృతిని కొసరుగా వేసేవాళ్లం. కాశీ యాత్రలో నర్మద ఒడ్డున భేడాఘాట్ పాలరాతి కొండలు కొసరు. పూరీకి పోతే చిలికా సరస్సు. షిర్డీకి పోతే లోనార్‌లో ఎప్పుడో ఆకాశం నుంచి ఉల్క పడి ఏర్పడిన గుండ్రటి చెరువు. కొందరు తిరిగి వచ్చాక దేవుడి దర్శనం గురించి ఒక్క ముక్క చెప్పి, కొసరు గురించి నెలల తరబడి చెప్పుకునేవాళ్లు. కొందరు కొసరు దగ్గర బస్సే దిగేవాళ్లు కాదు.

పెరటి చెట్టు

కొత్తవాళ్లకు నా మొదటి సలహా, మీ ఇంటి దగ్గర మొదలుపెట్టండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గదా, మావాళ్లు మేఘాలయ గుహల ఫోటోలు చూసి నోరు తెరుస్తారు గానీ బెలుం గుహల్లోకి దిగనివాళ్లు కడపలోనే బోలెడుమంది. ఎండ మాడ్చేసే నల్లరాతి పొలాల కింద, నీళ్లు తొలిచిన అంత పెద్ద దారి ఉందంటే నమ్మరు. లోపల చెమట పట్టి, వంగి నడిచి, అడుగున సన్నగా పారే నీటి చప్పుడు విన్నాక గానీ నోరు మూతపడదు.

గండికోట దగ్గర నాకొక పాఠం దొరికింది. మా కరపత్రంలో దానికి అమెరికాలోని ఏదో లోయ పేరు తగిలించి ఉండేది. నేనూ అలాగే చెబుతుండేవాణ్ణి. ఒకసారి ఎర్రగుంట్ల నుంచి వచ్చిన లారీ ఓనరు ఒకాయన, కోట గోడ దాటి రాళ్ల మీదికి వచ్చి, కింద ఎర్రటి కొండను కోసుకుంటూ పోతున్న పెన్నను చూస్తూ నిలబడిపోయాడు. నేను పక్కన చేరి అమెరికా అని మొదలుపెట్టాను.

“ఆ అమెరికాది నేను సూడలే, నువ్వూ సూడలే” అన్నాడాయన. “మన పెన్నేరు ఎంత పనిచేసిందో సూడనీ అప్పా, కొంచేపు గమ్మునుండు.”

గమ్మున ఉన్నాను. అప్పటినుంచి అలాంటి చోట ముందు కాసేపు నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను. వివరాలు వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో చెప్పొచ్చు.

ఓనరుకు జోగ్ చూపించడం

సుబ్బరాయుడు ఒక ఏడాది బడి సెలవులని ఎండాకాలంలో జోగ్ జలపాతం పెట్టాడు. వద్దన్నాను, వినలేదు. తీరా పోతే నల్లటి రాతిగోడ మీద తడి చారలు తప్ప ఏమీ లేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకామె నడుము మీద చేయి పెట్టుకుని నన్ను నిలదీసింది. “ఏమప్పా, దీన్ని సూడనా ఇంత దూరం కూసోని వచ్చింది? మా ఈది కొళాయి దీనికంటే బాగా వస్తాది గదా!”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

ఓనరుతో వాదించి గెలిచిన మేనేజరు లేడు. అందుకని వాదించకుండా, వానాకాలంలో ఏదో సాకు చెప్పి ఆయన్నే బస్సెక్కించాను. మేం పోయేసరికి అంతా పొగమంచు. హోరు వినబడుతోంది గానీ నీళ్లు కనబడవు. సుబ్బరాయుడు గొడుగు కింద సణుగుతూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి మంచు విడిపోయింది. అంత నీరు ఒక్కసారి పడుతుంటే మా ఓనరు గొడుగు పక్కకు ఒరిగిపోయింది, తడిసిపోతున్నా చూసుకోలేదు. అప్పుడు ఆయన అన్న మొదటి మాట: “దీంట్లో సగం మన పక్కకు తిప్పితే ఎట్లుంటాది సామీ?”

సీమలో పుట్టినవాళ్లం ఎవరమైనా సరే, నీళ్లు కనబడితే ముందు వేసే లెక్క అదే. అందం ఆ తర్వాత. మీ బస్సులో సీమవాళ్లు ఉంటే ఈ సంగతి మరిచిపోకండి. సుబ్బరాయుడు మాత్రం ఆ తర్వాత ఏ జలపాతం పెట్టినా ముందు నన్ను కాలం అడిగి పెట్టాడు.

“ఆయమ్మకు చెప్పు”

ఇక అసలు సంగతికి వస్తాను. అది ద్వారక, సోమనాథ్ యాత్ర. చలికాలం. బస్సులో సగం మంది కడప టౌనువాళ్లు. ఉద్యోగస్తులు, రిటైరైన ప్రసాద్ మాస్టారు లాంటివాళ్లు. మిగతా సగం కోసిగి వైపు పల్లెల్లోని రైతులు. వాళ్లలో బసప్ప, ఆయన భార్య ఈరమ్మ ఉన్నారు. ఇద్దరూ పెద్దవాళ్లు. ఆదోనిలో ఉన్న కూతురు వచ్చి ఎక్కించి, జాగ్రత్తలన్నీ నాకు అప్పజెప్పి పోయింది.

బయలుదేరిన మొదటి పొద్దుటే బసప్ప నన్ను పిలిచాడు. “ఏమప్పా మేనేజరూ, ఆయమ్మకు చెప్పు, బీపీ మాత్ర మింగమని.”

ఏ అమ్మ అని బస్సంతా చూశాను. ఆయన చూపుడువేలు పక్క సీటు వైపే ఉంది. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి.

“పక్కనే ఉంది గదప్పా” అన్నాను.

“నువ్వు చెప్పు.”

చెప్పాను. ఈరమ్మ మాత్ర మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని నా వైపే చూసింది. “మింగినానని చెప్పప్పా.”

అదీ చెప్పాను. ఆ తర్వాత దుప్పటి కప్పుకోమని చెప్పు, కిటికీ మూయమని చెప్పు, ఆకలైతాందేమో అడుగు, అన్నీ నా ద్వారానే. మహారాష్ట్ర దాటేసరికి నేను పూర్తిస్థాయి రాయబారిని అయిపోయాను. “అంబలి తాగేవానికి మీసాలెత్తేవాడొకడని నిన్ను పెట్టుకున్యారు సార్” అని మస్తాన్ ఒకటే నవ్వు.

ఇలాంటి మొగుడూపెళ్లాలు ప్రతి బస్సులోనూ ఒక జంట ఉంటారు. కొత్తవాళ్లు చేసే పొరపాటు మధ్యలో దూరి నీతులు చెప్పడం. అది మన పని కాదు. ఉన్న మాటను ఉన్నట్టు చేరవేయండి, ఉప్పూకారం కలపకండి. నేను అదే చేశాను.

గుజరాత్‌లో ఒక దాబా పక్కన వంటకు ఆగినప్పుడు ఈరమ్మ వచ్చి మస్తాన్ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు ఒలవడం మొదలుపెట్టింది. ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. నేను బియ్యం చెరుగుతున్నాను. మస్తాన్‌కు కడుపులో మాట దాగదు. “మీ ఇద్దరికీ ఏమైందమ్మా?” అని అడిగేశాడు.

ఆమె ఏమీ దాచలేదు.

“మా చేను నల్లరేగడి అప్పా. జొన్న ఏసుకుంటాంటిమి. వాన పడితే తింటిమి, లేకుంటే లేదు. అప్పుడు కాలవ వచ్చె. నేను పుట్టినప్పట్నుంచి బిందెలు మోసినదాన్ని. నీళ్లు అంతట అవే నడిసి చేన్లోకి వస్తాంటే నాకు పిచ్చి పట్టినట్లాయె. ఈయప్ప జొన్నే ఏద్దామనె. నేను పట్టుబట్టి వరి ఏపిస్తి. మడిలో నీళ్లు ఇంకితే ఓర్సుకోలేను. పొద్దున, మాపున పోయి కాలవ మడవ తెరుస్తాంటి. సాలు మూసెయ్యి అని ఈయప్ప అంటే, వచ్చే నీళ్లకు అడ్డం పడేది పాపమంటాంటి.”

“ఆమైన?” అన్నాడు మస్తాన్.

“కొన్నేండ్లు వరి బువ్వ బాగా తింటిమి. ఆమైన చేను మీద సున్నం సల్లినట్ల తెల్లగా లేచె. ఇత్తనం మొలవకపాయె. చౌడు పట్టె. ఒకదినం ఈయప్ప గట్టు మీద కూసోని, నీ నీళ్ల ఆశే నా చేను తినె అనె. నాతో నేరుగా మాట్లాడిన కడపటి మాట అదే.”

“ఆ వరి బువ్వ ఆయప్ప తినలేదామ్మా?” అన్నాడు మస్తాన్.

“తినె. మారు పెట్టించుకోని తినె” అని ఈరమ్మ నవ్వింది. నవ్వుతూనే ఉల్లిగడ్డ చేత్తో కళ్లు తుడుచుకుంది. “నాకేం కోపం లేదప్పా. తిట్టినా సరే. సచ్చేలోపల ఒక తూరి నా మొగం సూసి మాట్లాడితే సాలు. ఇంకేం వద్దు నాకు.”

చాటలో బియ్యాన్ని అవసరం లేకపోయినా ఇంకోసారి చెరిగాను.

కోనసీమ రైతు మడవ తెరవడం ఎంత సులభంగా నేర్చుకుంటాడో, మూయడం కూడా అంతే సులభంగా నేర్చుకుంటాడు. నీళ్లకు మొహం వాచిన నేల మీద పుట్టినవాళ్లకు ఆ రెండో సగం నేర్పేవాళ్లు లేరు. కాలువ కింద ఆ ఊళ్లో చాలా చేన్లు అలాగే తెల్లబడ్డాయని తర్వాత వాళ్ల పక్క ఊరివాళ్లు చెప్పారు. అందరూ కలిసి చేసిన తప్పుకు ఈరమ్మ ఒక్కదానికే ఇంట్లో శిక్ష పడింది. బసప్పది అన్యాయమని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

తెల్ల నేల

నాకు భయం పట్టుకుంది అప్పుడే. ఎందుకంటే ద్వారక తర్వాత మా కొసరు కచ్ రణ్. కరపత్రంలో ‘తెల్ల ఎడారి’. చూపు ఆనినంత మేర ఉప్పు పేరుకున్న నేల. కడపవాళ్లలో చాలామంది దానికోసమే ఎక్కారు. సుబ్బరాయుడికి ఫోన్ చేసి, పల్లెవాళ్లను వేరే ఎక్కడైనా దించి పోనా అని అడిగాను. “యాల సామీ, వాళ్లు మాత్రం దుడ్లు కట్టలేదా? అందరికీ సూపించు, ఫోటోలు పంపు” అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు సంగతి తెలియదు. చెప్పడానికి అది నా సంగతీ కాదు.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. బస్సు మలుపు తిరిగేసరికి కిటికీల నిండా తెలుపు. టౌనువాళ్లు ఒకటే కేకలు. బస్సు ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తారు. పల్లెవాళ్లు ఒక్కరు కూడా కదల్లేదు. పంట పోయిన ఇంటికి పరామర్శకు వచ్చినట్టు కూర్చున్నారు.

ప్రసాద్ మాస్టారు వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మంచాయన, చిన్నపిల్లాడి సంతోషం ఆయనది. “దిగండయ్యా! చంద్రుడి మీదికి వచ్చినట్టుంది!”

“చందమామ మీద ఏం పండుతాదో నాకు తెలీదు సార్” అన్నాడు బసప్ప. “ఈడ ఏం పండదని ఎరుక. దీన్ని సూడను ఇంత దూరం యాల? మా చేనుకాడికి రాండి, ఊరికే సూపిస్తా.”

మాస్టారి మొహంలో నవ్వు పోయింది. ఈరమ్మ ముందు సీటుకు నుదురు ఆనించి, కొంగు మొహం మీదికి లాక్కుంది. కిటికీ వైపు చూడలేదు. బసప్ప ఆమె వైపు తిరగకుండానే మొదలుపెట్టాడు. “ఏమప్పా, ఆయమ్మకు చెప్పు...”

“ఏం చెప్పమంటావప్పా?”

“ఏం లేదులే.”

జేబులో ఫోన్ మోగింది. ఫోటోల కోసం సుబ్బరాయుడు. ఎత్తలేదు.

దిగనివాళ్లను ఎప్పుడూ బతిమాలకండి. వింత గురించి మాట్లాడటం మానేసి ఇంకో పని చెప్పండి. “టీ తాగొద్దాం రాప్పా” అన్నాను. టీకి మాత్రం బసప్ప లేచాడు. రోడ్డు పక్కన నల్ల ఓణీ కప్పుకున్న ఒక ముసలామె పొయ్యి పెట్టుకుని టీ అమ్ముతోంది. ఆమెది సగం గుజరాతీ, సగం హిందీ. మీ మనిషి ఇటు తిరిగి కూర్చున్నాడేం, ఎడారి చూడడా అని అడిగింది. వాళ్ల చేను కూడా ఇలాగే ఉప్పు పట్టిపోయిందని చెప్పాను. ఆమె అయ్యో అంది. తర్వాత చేయి చాపి తెల్ల నేలను చూపిస్తూ చెప్పుకొచ్చింది. వానాకాలంలో ఇదంతా నీళ్లట. సముద్రం ఎగదన్ని వస్తుంది, వాన నీరు తోడవుతుంది. చలికాలానికి నీళ్లు ఎండిపోతాయి, ఉప్పు మిగులుతుంది. వాళ్ల తాత పుట్టకముందు నుంచీ ఇంతేనట.

నేను తెలుగులో చెప్పాను. బసప్ప “అడుగప్పా, ఆ నీళ్లు ఇడిసేది ఎవురు?” అన్నాడు.

అడిగాను. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. “ఎవరు విడుస్తారు? అవే వస్తాయి.”

“మరి ఈ ఉప్పుకు ఎవురినీ తిట్టుకోరా?”

ఇదీ అడిగాను. ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. “మా ఆయన నన్ను తిడతాడు, టీలో చక్కెర ఎక్కువేసి నష్టం చేస్తున్నానని. ఉప్పుకు మాత్రం ఎప్పుడూ తిట్టలేదు.”

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈసారీ ఏమీ కలపలేదు. బసప్ప నవ్వలేదు.

అప్పటికి ప్రసాద్ మాస్టారు కూడా టీకి వచ్చారు. బస్సులో ఏదీ దాగదు కాబట్టి ఆయనకూ అంతా తెలుసు. బసప్ప ఆయన్ను అడిగాడు. “సార్, మా చేను కింద గూడా ముందే ఉండెనా ఉప్పు?”

“ఉండే ఉంటుంది బసప్పా. నీళ్లు నిలిస్తే పైకి వస్తుంది. నీళ్లు వచ్చేదానికి దారి ఉండి, పోయేదానికి లేకపోతే అంతే. మీ పక్క చేన్లు ఎట్లున్నాయి?”

“అవీ పాయె. కాలవ కింద శానా పాయె.”

“వాళ్ల మడవలు కూడా ఈరమ్మే తెరిచిందా?”

మాస్టారు నెమ్మదిగానే అడిగారు. అయినా బసప్పకు కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. టీ గ్లాసు బండ మీద పెట్టి లేచాడు. రోడ్డు దిగి, తెల్ల నేల మొదలయ్యే చోట చెప్పులు విడిచాడు. మావాళ్లు చేన్లోకి చెప్పులతో పోరు. వట్టి కాళ్లతో నాలుగడుగులు వేసి, వంగి, ఒక పలుకు గిల్లి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను.

“అదే రుసి అప్పా” అన్నాడు. “మా చేన్లోదే.”

పొద్దు ఎర్రబడుతుంటే తెల్ల నేల మీద కూడా ఆ ఎరుపు పడింది. కడపవాళ్ల కేకలు దూరం నుంచి వినబడుతున్నాయి. ఆయన కళ్లు తుడుచుకున్నాడో, మొహానికి పట్టిన దుమ్ము తుడుచుకున్నాడో నేను చూడలేదు. చూడకూడదని పక్కకు తిరిగాను.

వెనక్కి వచ్చేటప్పుడు ఆయన కుంటుతున్నాడు. అరికాలు గీసుకుని రక్తం వచ్చింది. ఉప్పు పెంకు గాజు ముక్కల్లా ఉంటుందక్కడ. చెప్పులేసుకుని నేరుగా బస్సు దగ్గరికి పోయి, ఈరమ్మ కిటికీ కింద నిలబడి, అరచేత్తో రేకు మీద తట్టాడు. ఆమె కొంగు తీసి కిందికి చూసింది.

“దిగు. సూద్దువు రా” అన్నాడు. “సెప్పులేసుకో, కోస్తాది.”

నేను అలవాటు కొద్దీ కిటికీ వైపు తలెత్తి, “ఈరమ్మక్కా, చెప్పులేసుకో...” అనబోయాను. ఆమె అప్పటికే వంగి సీటు కింద చెప్పుల కోసం తడుముకుంటోంది.